ఆ వీధికంతా ఒకటే ఫ్రిజ్

1994లో నేను తెనాలిలో ఒక షాపులో సర్వీస్ మెకానిక్‌గా ఉండేవాణ్ణి. ఫ్రిజ్‌లు, మిక్సీలు, గ్రైండర్లు అమ్మే షాపు అది. అమ్మినవి చెడిపోతే చూడటం నా పని. ఇటు దుగ్గిరాల, అటు బాపట్ల, కింద రేపల్లె దాకా ఎక్కడ ఫ్రిజ్ ఆగిపోయినా టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని రైలో బస్సో ఎక్కేవాణ్ణి.

ఆ రోజుల్లో మేము అమ్మే ఫ్రిజ్‌ల కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ అనేదొకటి మొదలుపెట్టింది. మామూలు వారంటీ ఏడాదితో అయిపోతుంది. కొనేటప్పుడే మరికొంత కడితే, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు పెద్ద రిపేర్లన్నీ కంపెనీయే చూసుకుంటుంది. పెద్ద రిపేరంటే ముఖ్యంగా కంప్రెసర్. ఫ్రిజ్ వెనకాల అడుగున నల్లగా బొద్దుగా ఉంటుందే, అదే. లోపలి గ్యాస్‌ను తిప్పి చల్లదనం పుట్టించేది అదే. అది పోతే ఫ్రిజ్ ఉత్త బీరువా. అందుకని జనం ఈ వారంటీని నమ్మి తీసుకునేవాళ్ళు. అందులో ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని ఒక షరతు ఉండేది. ఇంట్లో పెట్టుకోవడానికే కదా కొంటున్నాం అనుకుని దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

మే నెలలో, ఎండలు మండిపోతున్నప్పుడు, రేపల్లె నుంచి ఖతీజాబీ గారు షాపుకి ఫోన్ చేయించారు. ఫ్రిజ్ చల్లబడటం లేదని కబురు. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. బట్టలు కుట్టి సంసారం నెట్టుకొచ్చిన మనిషి. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళకి చల్లటి నీళ్ళు ఉండాలని, కుట్టుపని మీద కూడబెట్టిన డబ్బుతో ఆ ఫ్రిజ్ కొనుక్కున్నారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి వెళ్ళాను. తలుపు తీసి చూస్తే ఫ్రిజ్ నిండా సీసాలు. మూతలకి రంగురంగుల గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి, ఎవరి సీసా ఏదో గుర్తుకోసం. నాలుగైదు గిన్నెల్లో దోసెల పిండి, తడిగుడ్డలో మల్లెపూలు, ఎవరిదో పాల తపేలా. అడుగున కూరగాయల ట్రేలో ఒక చిన్న స్టీలు డబ్బా.

కంప్రెసర్ పట్టేసింది. అదే చెప్పాను.

“నా మంచినీళ్ళ సంగతి తర్వాత చూద్దాం బాబూ,” అన్నారావిడ, ఆ స్టీలు డబ్బా బయటికి తీసి. “ముందు దీనికేంటి దారి?”

డబ్బాలో ఇన్సులిన్ సీసాలున్నాయి. పక్కింటి లక్ష్మి కూతురు సునీతకి పదేళ్ళు. ఆ పిల్లకి షుగరు. రోజూ ఇంజెక్షన్ పడాల్సిందే. లక్ష్మి రైసు మిల్లులో పనికి వెళ్తుంది, ఆమె భర్తది తాపీ పని. ఆ వీధి మొత్తానికి ఉన్నది ఈ ఫ్రిజ్ ఒక్కటే.

ఆ పూటకి ఖతీజాబీ గారు కొత్త కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో డబ్బా పెట్టి, పైన తడిగుడ్డ కప్పారు. “వారంటీ ఉందిగా అమ్మా, వారంలో కొత్త కంప్రెసర్ వేసేస్తాం,” అని ధైర్యం చెప్పి వచ్చాను. నేనూ అలాగే అనుకున్నాను.

కంప్రెసర్ మార్చాలంటే కంపెనీ మనిషి కళ్ళారా చూసి సంతకం చెయ్యాలి. విజయవాడ నుంచి మూర్తి గారని సర్వీస్ మేనేజర్ వచ్చారు. నెమ్మదస్తుడు, మాట మెత్తన. నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. ఆగిపోయిన ఫ్రిజ్‌లో ఇంకా అలాగే ఉన్న పేలికల సీసాలు, ఖాళీ గిన్నెలు ఆయన చూసి, “ఇవన్నీ మీవేనా అమ్మా?” అని అడిగారు.

“కాదండి. మా వీధి వాళ్ళవి,” అన్నారు ఖతీజాబీ గారు.

గుమ్మంలో నిలబడ్డ లక్ష్మికి, ఆయన తమను పరాయిసొమ్ము తినే వాళ్ళనుకుంటున్నారేమో అనిపించింది. గబగబా ముందుకొచ్చి, “మేమేం ఊరికే వాడుకోటం లేదండి! కరెంటు బిల్లుకి నెలనెలా తలా కాస్త ఇస్తామండి,” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఎంత ఆత్మగౌరవం ఉందో నాకిప్పటికీ గుర్తే.

మూర్తి గారు తలెత్తి ఆమెవైపు చూశారు. ఇంకేమీ అడగలేదు. బయటికొచ్చాక నాతో, “డబ్బు తీసుకుంటే అది వ్యాపారం కిందికి వస్తుందయ్యా. నేనేం చెయ్యను?” అన్నారు. నేను ఏదో చెప్పబోయాను. ఆయన అప్పటికే రిక్షా ఎక్కుతున్నారు.

కొద్దిరోజుల్లో కంపెనీ నుంచి జవాబొచ్చింది. వాణిజ్య వినియోగం కాబట్టి వారంటీ వర్తించదన్నారు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళక తప్పలేదు. విన్నాక లక్ష్మి గోడకి చేరగిలబడి ఏడ్చేసింది. “నా నోరు పడిపోనూ! నేనే చెడగొట్టాను అత్తమ్మా,” అంది. ఖతీజాబీ గారిని ఆ వీధిలో హిందువులూ క్రైస్తవులూ కూడా అత్తమ్మా అనే పిలిచేవారు.

“ఊరుకో. నువ్వేమన్నా అబద్ధం చెప్పావా?” అన్నారావిడ. “ఉన్నమాట చెప్పి ఏడుస్తారా ఎవరన్నా?”

కానీ అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఆ ఎండలకి కుండ చల్లదనం సరిపోలేదు. మందు గుణం తగ్గిపోయింది. ఇంజెక్షన్ వేస్తున్నా షుగరు అదుపులో లేక సునీత వాంతులతో సొమ్మసిల్లింది. తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. కబురు తెలిసి వెళ్ళాను. సెలైన్ ఎక్కుతోంది. పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లక్ష్మి ఒకవైపు, ఖతీజాబీ గారు ఒకవైపు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సునీత కోలుకుంది. నేను మా ఓనరు గారి దగ్గరికెళ్ళి, ఎవరో మార్చుకుని వెళ్ళిన పాత ఫ్రిజ్ ఒకటి గోడౌన్‌లో మూలన పడి ఉంటే, దాన్ని బాగుచేసి పంపిస్తానని అడిగాను. ఆయన కాదనలేదు. గ్యాస్ నింపి, థర్మోస్టాట్ మార్చి, రేపల్లె వెళ్ళే లారీలో వేయించాను. దాన్ని దింపుకున్న రోజు ఖతీజాబీ గారు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

“ఇది నీ మంచితనం బాబూ. ఉంచుకుంటాను, పిల్ల కోసం,” అన్నారు. “కానీ నా ఫ్రిజ్ నాకు బాగుచేసి ఇవ్వాలి. మాట ఇచ్చి డబ్బు కట్టించుకున్నారు. దయ వేరు, మాట వేరు.”

ఆవిడ గుంటూరులో వినియోగదారుల ఫోరంలో కేసు వేశారు. వస్తువు విషయంలో మోసపోయామనుకున్న వాళ్ళు వకీలు లేకుండా కూడా వెళ్ళి చెప్పుకోగల చోటు అది. అప్పట్లో మా వైపు దాని పేరు తెలిసినవాళ్ళే అరుదు. ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక బడిపంతులమ్మ దారి చూపించారట. కంపెనీతో పాటు మా షాపునీ అందులో చేర్చారు. నన్ను సాక్షిగా పిలిచారు. కంపెనీకి కోపమొస్తే మా షాపుకి సరుకు ఆగిపోవచ్చు. నా ఉద్యోగం సంగతి చెప్పక్కర్లేదు. బయల్దేరే ముందు ఓనరు గారు, “నువ్వు చూసింది చెప్పు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు,” అన్నారు. అంతకన్నా మంచి సలహా నాకెవరూ ఇవ్వలేదు.

నేను చూసింది చెప్పాను. అమ్మకానికి పెట్టిన సరుకు ఏదీ అక్కడ కనబడలేదన్నాను. మూర్తి గారు లేచి, ఇరుగుపొరుగు డబ్బులిస్తున్నట్టు వాళ్ళే ఒప్పుకున్నారని చెప్పారు. ఫోరం అధ్యక్షుడు ఖతీజాబీ గారిని అడిగారు.

“డబ్బులు తీసుకున్నారా అమ్మా?”

“తీసుకున్నానండి.”

“అందులో మీకేమైనా మిగిలేదా?”

“ఏం మిగులుద్దండి? బిల్లుకే చాలేవి కావు. తక్కువైంది నేనే వేసుకునేదాన్ని.”

అప్పుడు వెనక బెంచీ మీద నుంచి లక్ష్మి లేచింది. ఆమెను ఎవరూ పిలవలేదు. దారంతా ఈసారి నోరు తెరవనని ఒట్టు పెట్టుకుంటూ వచ్చిన మనిషి. “అయ్యా, ఆ మాట చెప్పింది నేనేనండి,” అంది. “మళ్ళీ అదే చెప్తన్నానండి. ఊరికే వాడుకోటం మాకిష్టం లేదండి. ఆవిడ వద్దన్నా మేమే బలవంతాన ఇచ్చేవాళ్ళం. మా పిల్ల మందు ఆవిడింట్లో ఉంటది. మేము ఇచ్చేది తీసుకోకపోతే రోజూ ఆ గడప ఎట్టా తొక్కేదండి?”

అధ్యక్షుడి పక్కన కూర్చున్న మహిళా సభ్యురాలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తీర్పు ఖతీజాబీ గారికి అనుకూలంగా వచ్చింది. లాభం కోసం చేసేదే వ్యాపారమని, ఇరుగుపొరుగు కలిసి వాడుకోవడం వ్యాపారం కాదని, కంప్రెసర్ మార్చి ఇవ్వాలని చెప్పారు. ఆ రోజు మెట్లు దిగుతుంటే మూర్తి గారు నా పక్కకొచ్చి నడిచారు. కోపంగా ఉంటారనుకున్నాను. “ఆ పాప ఇప్పుడెలా ఉందయ్యా?” అని అడిగారు. బడికి వెళ్తోందని చెప్పాను. “ఆసుపత్రి సంగతి నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది,” అన్నారు. తర్వాత ఆయన పైకోర్టుకి వెళ్దామని పట్టుబట్టలేదు. కంప్రెసర్ తొందరగా పంపించేశారు. మా షాపుకి సరుకూ ఆగలేదు.

ఆ కొత్త కంప్రెసర్ నా చేతులతోనే బిగించాను. పాత ఫ్రిజ్ వెనక్కి ఇస్తామంటే ఓనరు గారు వద్దన్నారు. అది లక్ష్మి ఇంటికి చేరింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇదే పని చేశాను. వారంటీ కాగితాలు రాసేవాళ్ళ మనసులో ఒక ఇల్లు ఉంటుంది. నలుగురు మనుషులు, ఒక తలుపు, లోపల ఒక ఫ్రిజ్. నేను వెళ్ళిన ఇళ్ళు చాలావరకు అలా ఉండేవి కావు. అందుకని రిపోర్టు రాసేముందు ఆ ఇంట్లో వాళ్ళతో కూర్చుని, ఆ వస్తువు ఎవరెవరికి పనికొస్తోందో అడిగి తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇంకొకటి కూడా ఆ వీధే నేర్పింది. ఏ ఇంటికి వెళ్ళినా, ప్లగ్గు పీకేముందు, “అమ్మా, ఇందులో ఎవరి మందులైనా ఉన్నాయా?” అని అడిగేవాణ్ణి. లేవండి అని నవ్వేవాళ్ళే ఎక్కువ. పిట్టలవానిపాలెంలో ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. చెయ్యి అడ్డం పెట్టి, “ఉండు నాయనా,” అని పక్కింటికి వెళ్ళి, ముందు తన మందు సీసా పెట్టుకోవడానికి ఒక గిన్నెలో ఐసు తెచ్చుకున్నాడు.