గౌరయ్య విన్న ఆఖరి కూత

గౌరయ్యకు చెవుడని షామీర్‌పేటలో అందరికీ తెలుసు. తెలిసినందువల్ల అందరూ ఆయన పట్ల కొంచెం ఎక్కువ ప్రేమగానే ఉండేవారు. ఆయన లోపలికి అడుగుపెట్టగానే హోటల్ రాఘవేందర్ రేడియో గొంతు తగ్గించేవాడు. చాయ్ గ్లాసు చేతికిచ్చి, చెవి దగ్గరికి వంగి, చక్కెర తక్కువేసిన సంగతి గట్టిగా చెప్పేవాడు. మేడ్చల్ బస్సులో కండక్టర్ సీటు దాకా వచ్చి, భుజం తట్టి, స్టాపు వచ్చిందని అరిచి మరీ దింపేవాడు.

ఇన్ని మంచితనాలనూ గౌరయ్య తల వంచుకుని తీసుకునేవాడు. ఎందుకంటే ఆయనకు చెవుడు లేదు. పెరట్లో మేక గడ్డి కొరికే సద్దు కూడా వినిపించే చెవులు ఆయనవి. తొమ్మిదేళ్లుగా ఆయన అబద్ధం ఆడుతున్నాడు. భార్య సాలమ్మకు ఆ అనుమానం లేకపోలేదు. కానీ ఎన్నడూ అడగలేదు. అడగకుండా ఉండటం కూడా ఒక దయే.

ఒకప్పుడు ఆ చెవులకే ఊళ్లో పేరు. గౌరయ్య హైస్కూల్లో అటెండర్. ఇరవై ఏళ్లు బడి గంట కొట్టినా, ఒక్కనాడు కూడా ఒక్క నిమిషం అటూ ఇటూ పోనివ్వలేదు. సెలవు రోజుల్లో మెడలో సీటీ వేసుకుని కబడ్డీ ఆటలకు రెఫరీగా వెళ్లేవాడు. అటు మేడ్చల్, ఇటు దూలపల్లి, ఎక్కడ బరి గీసినా ఆయనకే కబురు వచ్చేది. కబడ్డీలో అవతలి బరిలోకి వెళ్లినవాడు ఊపిరి తీయకుండా ‘కబడ్డి కబడ్డి’ అంటూనే ఉండాలి. అదే కూత. కూత తెగితే వాడు అవుట్. సీటీ మోగుతుంది, పట్టుకున్నవాళ్లు వెంటనే వదిలేయాలి. డప్పుల మోతలో, జనం కేకల్లో ఆ సన్నని కూత ఎక్కడ తెగిందో పట్టుకోవాలంటే దేవుడిచ్చిన చెవులుండాలి. గౌరయ్య చెవిలో పడ్డ కూతకు తిరుగులేదని జట్లు ఒప్పుకునేవి.

రాఘవేందర్ హోటల్లో ఇంకో ఆట నడిచేది. పొద్దున పేపర్ రాగానే ఆఖరి పేజీ ఒకరు చదివేవారు, మిగతావాళ్లు కొట్లాడేవారు. అన్ని ఆటల్లోకీ, అందరు ఆటగాళ్లలోకీ గొప్పవాడు ఎవడు? ఇడ్లీ, పూరీ అని రాసే నల్లరేకు కింద మూల ఒక జాగా ఈ తగాదా కోసమే వదిలిపెట్టారు. వాదనలో గెలిచిన పేరు అక్కడ సుద్దముక్కతో రాయాలి. ఇంకో పేరు దాన్ని ఓడగొట్టేదాకా ఎవరూ చెరపకూడదు. రాత బాగుంటుందని రాసే పని గౌరయ్యకు ఇచ్చారు.

రాఘవేందర్‌ది సచిన్ పక్షం. ఆ పిల్లవాడు బ్యాటు పట్టుకుంటే దేశమంతా పొయ్యి మీద పాలు మరచిపోతుందని, అంతకంటే గొప్ప ఏముంటుందని అనేవాడు. కరెంటు లైన్‌మన్ మధుసూదన్‌ది ఉష పక్షం. సెకండులో నూరో వంతు తేడాతో మెడల్ పోయిన మనిషి ఆమె, ఆ నూరో వంతు విలువ క్రికెట్ చూసేవాళ్లకు ఏం తెలుసని ఆయన గొంతు పెంచేవాడు.

“ఫ్యూజు వేసెటందుకు నీకు మూడు రోజులు పడ్తది,” అన్నాడు ఒకనాడు రాఘవేందర్. “నువ్వు నాకు సెకండ్ల ముచ్చట చెప్తవా?”

హోటలంతా నవ్వింది. మధుసూదన్ కూడా నవ్వి, ఇంకో చాయ్ పొయ్యమన్నాడు.

అది తొంభై ఏడు, పంద్రాగస్టు ఇంకో వారం ఉంది. ఆనాడు గౌరయ్య మొదటిసారి తన మాట చెప్పాడు. ఎప్పుడూ వినేవాడే గనుక అందరూ గ్లాసులు దించి విన్నారు.

“సచిన్‌కు చేతుల బ్యాటున్నది. ఉషకు ముంగట బాట ఖాళీగున్నది. బరువులెత్తేటోనికి ఆ బరువు తిరిగి పట్టుకోదు. కబడ్డి ఆడేటోనికి ఏమున్నది? ఒక్క దమ్ము. ఆ దమ్ము మీదనే ఉరకాలె, ఆ దమ్ము మీదనే ఏడుగురితోని పెనుగులాడాలె. నన్నడుగుతే మన గిడియోనే అందరికంటె పెద్ద ఆటగాడు.”

గిడియోన్ వజ్రమ్మ కొడుకు. దూలపల్లిలో చిన్న ఫ్యాక్టరీలో పని. ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి చాపలు చుట్టి పెట్టి, ఆ తర్వాతే బరికి వచ్చేవాడు. గౌరయ్యను కాకా అని పిలిచేవాడు. పెళ్లయి రెండేళ్లు. భార్య ప్రిస్కిల్లాకు అప్పుడు ఆరో నెల.

ఊరి పిల్లవాణ్ని తెచ్చి సచిన్ పక్కన కూర్చోబెట్టావని రాఘవేందర్ ఎగతాళి చేశాడు. కాసేపు గుంజుకున్నాక పందెం లాంటి మాట ఒకటి అన్నాడు. పంద్రాగస్టు ఆటలో గిడియోన్ ఒక్క కూతలో ముగ్గుర్ని అవుట్ చేసి వస్తే, రేకు మీదున్న సచిన్ పేరు తన చేత్తో తుడిచేస్తానన్నాడు. గౌరయ్య సరేనన్నాడు. ఆ ఆటకు రెఫరీ తనేనన్న సంగతి ఆయనకూ తట్టలేదు, హోటల్లో ఎవరికీ తట్టలేదు.

ఆనాడు పొద్దుగాలే జెండా ఎగిరింది. వాన పడి బరి మెత్తబడితే పొడి మన్ను తెచ్చి పోశారు. సున్నంతో గీతలు గీశారు. పదకొండు గంటలకు గిడియోన్ మధ్య గీతను తాకి, చేతిని నుదుటికి ఆనించుకుని, కూతకు వెళ్లాడు. ఒకణ్ని కాలితో తాకాడు. మూల ఉన్నవాణ్ని వేలితో తాకాడు. వెనక్కి మళ్లుతుండగా మూడోవాడు నడుము పట్టాడు. ఆ వెంటనే తాకించుకున్న ఇద్దరూ మీద పడ్డారు. ఆ కుప్ప కింది నుంచి గిడియోన్ చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది. గీతకు జానెడు దూరం. తాకిన ఇద్దరు, పట్టిన వాడు, వెరసి ముగ్గురు. జనం లేచి నిలబడ్డారు.

గౌరయ్య గీత మీద వంగి ఉన్నాడు. కూత ఆయనకు వినిపిస్తూనే ఉంది. మన్నులోంచి వస్తున్నట్టు, సన్నగా. అది ఆగింది.

సీటీ పళ్ల మధ్యే ఉంది. ఊదాలి. ఇరవై ఏళ్లు గంట కొట్టిన మనిషికి అది ఆలోచించాల్సిన పని కాదు. కానీ ఆయన మనసు ఒక మాట అంది: జానెడే గదా, అందుకోని. ఎంతసేపు ఆగాడు? రెండు గుటకల నీళ్లు తాగేంత. ఆ చెయ్యి మన్ను మీద పాకి వచ్చి గీతను తాకింది. అప్పుడు సీటీ మోగింది. ముగ్గురు అవుట్ అని గౌరయ్య వేళ్లు చూపించాడు. డప్పులు మోగాయి. అందరూ లేచారు, గిడియోన్ తప్ప.

పుట్టుకతోనే గుండె బలహీనమై ఉంటుందని డాక్టర్ అన్నాడు. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. నడుము పట్టినవాణ్ని వజ్రమ్మే దగ్గరికి తీసుకుని, నీ తప్పు లేదు బిడ్డా అని కళ్లు తుడిచింది. రాఘవేందర్ ఏడుస్తూనే సచిన్ పేరు తుడిచాడు. గౌరయ్య సుద్దముక్క పట్టకపోతే, పెయింట్ తెప్పించి తానే గిడియోన్ అని రాశాడు.

గౌరయ్య మళ్లీ సీటీ పట్టలేదు. చెవులు పోయాయని చెప్పాడు. కానీ ఆయన్ను వెంటాడింది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం. పక్కింటి బోరు మోటరు టక్కున ఆగితే అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది. కరెంటు పోయి ఫ్యాను నెమ్మదిస్తే లేచి నిలబడేవాడు. బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతూ ఊపిరికి ఆగినప్పుడల్లా ఆయన చెయ్యి మెడ దగ్గరికి పోయేది, అక్కడ సీటీ ఉండేది కాదు. అన్నిటికంటే ఎక్కువ గిడియోన్ చెయ్యి. కూత ఆగాక అది గీత దాకా ఎలా వచ్చింది? పైనున్నవాళ్ల బరువుకు జరిగిందా? గిడియోనే జరిపాడా? దేవుని ముందు దీపం పెట్టి అడిగినా జవాబు రాలేదు.

హోటల్లో తగాదా మాత్రం ఆగలేదు. రెండువేల సంవత్సరంలో మల్లీశ్వరి బరువులెత్తి మెడల్ తెచ్చిననాడు మధుసూదన్ పేపర్ పట్టుకుని వచ్చాడు, ఇక రేకు మీద ఆడపిల్ల పేరు రాయాల్సిందేనని. కాసేపు అందరూ ఒప్పుకున్నారు. చివరికి ఎవరో, ఎంత ఎత్తినా ఒక్క దమ్ములో ముగ్గుర్ని తేలేదుగా అన్నారు. ఎన్నిసార్లు మొదలైనా ఆ తగాదా అక్కడికే వచ్చి ఆగేది. అప్పుడు రాఘవేందర్ వంగి గౌరయ్య చెవిలో గట్టిగా చెప్పేవాడు.

“నువ్వే సాక్షివి గదనే గౌరన్నా.”

గౌరయ్య తల ఊపేవాడు. ఊపిన ప్రతిసారీ ఆ కుప్ప కింద ఇంకొంచెం బరువు పెరిగినట్టు ఉండేది.

రెండువేల ఆరు జూలైలో వజ్రమ్మ గౌరయ్య ఇంటికి వచ్చింది. కొడుకు పోయాక ఆమె, కోడలు, మనవరాలు జవహర్‌నగర్‌లో ఒక గదికి మారారు. ప్రిస్కిల్లా కాలేజీ హాస్టల్లో వంటపని చేసేది. చెత్తగుట్టల వాసనకు మొదట్లో అన్నం సయించలేదని, ఇప్పుడు అలవాటైందని వజ్రమ్మ నవ్వుతూ చెప్పింది. సాలమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి, కాళ్లు చాపుకోమని పీట జరిపింది.

వచ్చిన పని కూడా వజ్రమ్మే చెప్పింది. గౌరయ్య చెవి దగ్గరికి జరిగి, ఒక్కో మాట ఒత్తి పలికింది. ఊరి యువకులు ఈ పంద్రాగస్టుకు గిడియోన్ పేర ఆటలు పెడుతున్నారు. బరి పక్కన రాయి నిలబెడతారు. దాని మీద ‘ఒక్క కూతలో ముగ్గురు’ అని చెక్కిస్తారు. రాయి తెరిచే రోజు రెఫరీ గౌరయ్యే నిలబడి ఆ ఆట సంగతి నలుగురికీ చెప్పాలి. మనవరాలు బడిలో అందరికీ ఇదే చెప్పుకుంటుందట, వచ్చి వింటుందట.

నిజం చెప్పకపోతే అబద్ధం రాతిలోకి ఎక్కుతుంది. చెబితే ఈ తల్లి దగ్గర మిగిలిన ఒక్క గొప్పా పోతుంది. ఏది పాపమో గౌరయ్యకు తెలియలేదు. ఆమె ఇంకా దగ్గరికి జరిగి మళ్లీ గట్టిగా చెప్పబోయింది. ఆ కష్టం ఆయన చూడలేకపోయాడు.

“గట్టిగ మాట్లాడకు అక్కా. నాకు చెవులు మంచిగనే ఇనవడ్తయి.”

వంటింటి గుమ్మంలో సాలమ్మ కదలకుండా నిలబడిపోయింది.

“గిడియోన్ కూత గీత కాడికి రాకముందే తెగింది. నేను ఇన్న. సీటీ నోట్లనే ఉన్నది. ఊదలే.”

“ఎందుకూదలే?”

“గెలుస్తడని.”

వజ్రమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. కొంగు సర్దుకుంది. మళ్లీ తీసి మళ్లీ సర్దుకుంది.

“ఊదితే బతుకుతుండెనా?”

“తెల్వదక్కా. గుండె అన్నడు డాక్టరు. నాకైతే తెల్వదు. రూలు ప్రకారం ముగ్గురు గాదు, ఒక్కడు గూడ గాదు. గిడియోన్ అవుట్.”

“అవుటైతే ఔతడు. ఆటగాండ్లు అవుట్ గారా?” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “ఆఖరుకు ఏమన్నడు నా కొడుకు?”

గౌరయ్య ఇంతకాలం ఎన్నో ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఈ ప్రశ్న మాత్రం ఆయన అనుకోలేదు.

“సగం మాటనే వచ్చింది. కబ... అని.”

“ఎట్లన్నడో అను.”

తొమ్మిదేళ్లలో ఆయన నోట ఆ మాట రాలేదు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగపట్టి, మన్ను కింది నుంచి వచ్చినంత సన్నగా అన్నాడు. వజ్రమ్మ మళ్లీ అనమంది. అన్నాడు. ఇంకోసారి అనమంది. మూడోసారి అన్నాక ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. సాలమ్మ వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

లేచేటప్పుడు వజ్రమ్మ కళ్లు తుడుచుకోలేదు.

“ఊదలేదని గాదు తమ్మీ. నా బిడ్డ ఆఖరు మాట ఏందో అని ఎన్ని ప్రార్థనలల్ల అడిగిన. డప్పుల్ల ఎవ్వలకు ఇనవడలేదన్నరు. నువ్వొక్కనివి ఇని, తొమ్మిదేండ్లు దాసుకున్నవు.”

వజ్రమ్మ సంచి చేతికి తీసుకుంది.

“రాయి మీద ఆ మాట వద్దని చెప్త. వాని పేరుంటె సాలు. గని ఇది ప్రిస్కిల్లాకు నువ్వే చెప్పాలె. నడువు.”

రేపు పొద్దున్నే వస్తానన్నాడు గౌరయ్య.

“రేపటికి నీకు మళ్ల చెవుడొస్తది,” అంది వజ్రమ్మ, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ.

సాలమ్మ లోపలికి వెళ్లి ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది. గుండీలు తానే పెట్టింది. బస్సులో వజ్రమ్మ కిటికీ పక్కన కూర్చుని, తన పక్కన సంచి పెట్టి, ఆయన ఎక్కేదాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వలేదు. చెరువు దాటారు. జవహర్‌నగర్ దగ్గర పడుతుంటే ఆ వాసన వచ్చింది. వజ్రమ్మ తన కొంగు చెరగు తీసి, ముక్కుకు పెట్టుకొమ్మని ఆయన వైపు జరిపింది.

ప్రిస్కిల్లా అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టుంది, ముంగిట్లో చేతులు కడుక్కుంటోంది. అత్త వెంట గౌరయ్యను చూసి, గబగబా కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్లు తెచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల గడప మీద నోట్‌బుక్కు పెట్టుకుని రాస్తోంది. గిడియోన్ కళ్లే. పిల్లను పంపించమంటారేమోనని గౌరయ్య వజ్రమ్మ వైపు చూశాడు. వజ్రమ్మ పిల్లను పంపకుండానే గోడకు ఆనుకుని కూర్చుంది.

గౌరయ్య కుర్చీలో కూర్చోలేదు. నీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

“అమ్మా ప్రిస్కిల్లా, ఆనాడు గీత మీద నిలవడ్డది నేను,” అన్నాడు. పిల్ల రాయడం ఆపి తలెత్తింది.