వనజ భుజానికి సరిపోయిన తూటా

ఊకె ఇంటిపేరున్న వనజకు కుడి కాలర్ ఎముక మీద ఏడు స్క్రూలతోని ఒక స్టీలు పట్టీ ఉన్నది. చెయ్యి పెట్టి చూస్తే చర్మం కింద గట్టిగ తగుల్తది. నాలుగేండ్ల కింద అశ్వారావుపేట రోడ్డు మీద పామాయిల్ గెలల ట్రాక్టర్ ఒకటి చెయ్యన్న సూపియ్యకుంట పక్కకు మల్లింది. ఎనక వస్తున్న వనజ స్కూటీ పోయి ట్రాలీకి గుద్దుకున్నది. ఖమ్మంల ఆపరేషన్ జేసిన డాక్టరు కుట్లు ఇప్పే రోజు ఎక్స్‌రే సూపిచ్చి, "ఎముక అతికింది. కాని భుజం మీద బరువు పెట్టద్దు. రైఫిల్ షూటింగ్ బంద్ జెయ్యమ్మా" అన్నడు.

"ఎన్నాళ్లు సార్?"

"ఎన్నాళ్లేంది? ఇగ బందే."

వనజ ఎక్స్‌రే కవరు సంకల పెట్టుకొని వచ్చి బస్సుల తల్లి గంగక్క పక్కన కూసున్నది. డాక్టరు మంచోడే. కాని ఆయనకు రైఫిల్ గురించి ఏం తెల్వదని బస్సు ఏన్కూరు దాటకముందే ఆమెకు అనిపిచ్చింది.

వాళ్ల ఊరు ములకలపల్లి మండలంల అడవి అంచుకు ఉంటది. నాయన బొజ్జయ్యకు మూడెకరాల చేను. వనజ భద్రాచలంల గురుకులంల చదివింది. తొమ్మిదో తరగతిల ఎన్‌సీసీ క్యాంపుకు తోలుకపోయి చేతికి పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చిన్రు. మొదటి ఐదు రౌండ్లు ఒక బొట్టుబిళ్లంత జాగల పడ్డయి. హవల్దారు నమ్మక, కాయితం మార్చి మల్ల కొట్టిచ్చిండు. మల్ల గట్లనే పడ్డయి. అప్పటి సంది రాష్ట్రం పోటీలు, నాలుగుసార్లు జాతీయ పోటీలు. పతకం ఒక్కటి గూడ రాలే. వచ్చిందల్లా పేరున్న షూటర్ అని ఒక సర్టిఫికెట్, దాని మీద ఒక లైసెన్సు. కడుపు నింపేది మాత్రం పామాయిల్ మిల్లుల కాటా కాడి కొలువు. పొద్దంత గెలల ట్రాక్టర్లు ఎక్కుతుంటే బరువు చూసి చీటీ ఇచ్చుడు.

ఆపరేషన్ సంగతి తెలిసి హైదరాబాద్ నుంచి ఆమె క్లబ్బోళ్లు ఫోన్ జేసిన్రు. "చాలా సాధించినవ్ వనజా. ఇగ పిల్లలకు నేర్పుకుంట ఉండు" అన్నరు.

"ఏం సాధించిన్నో జర చెప్పుండ్రి. నాకైతే యాదికొస్తలేదు" అన్నది వనజ.

చెయ్యి మెడకు కట్టుకొని ఇంట్ల కూసున్న మూడు నెలలు ఆమె ఒక్కటే ఆలోచించింది. యాభై మీటర్ల పోటీల బోర్లా పండుకొని, రైఫిల్ బరువు చేతుల మీద, భుజం మీద మోసుకుంట గంట సేపు ఉండాలె. అది ఇగ తనతోని కాదు, నిజమే. కాని దూరపు షూటింగుల ఎఫ్-క్లాస్ అని ఒక పోటీ ఉన్నది. మూడు వందలు, ఆరు వందలు, తొమ్మిది వందల మీటర్లు. అండ్ల రైఫిల్ ముందట స్టాండు మీద, ఎనక ఇసుక సంచి మీద ఉంటది. మనిషి మొయ్యాల్సిన పని లేదు. భుజానికి వచ్చేది ఒక్కటే, పేలినప్పుడు రైఫిల్ ఎనక్కి కొట్టే దెబ్బ. ఆ దెబ్బ ఎంతుండాలెనన్నది శానమటుకు తూటాను బట్టి ఉంటది. తూటాను ఎంచుకునేది మనిషే.

ఈ మాట ఆమె మొదట చెప్పింది మంగీలాల్‌కు. ఆయనది టేకులపల్లి దగ్గర తండా. పోలీసు బెటాలియన్‌ల ముప్పై ఏండ్లు తుపాకులు బాగుజేసి రిటైరయ్యి, హైదరాబాద్‌ల లైసెన్సున్న ఒక వర్క్‌షాపుల పనిజేస్తున్నడు. వనజ పాత రైఫిల్‌ను ఎప్పుడూ ఆయనే చూసేది.

"కాకా, నాకు దూరం కొట్టే రైఫిల్ కట్టియ్యాలె."

మంగీలాల్ ఆమె భుజం దిక్కు చూసిండు. వద్దనలేదు. బల్ల మీద ఒక తెల్లగుడ్డ పరిచి, లోపలికి పోయి మందు లేని నమూనా తూటాలు నాలుగు తెచ్చి వరుసగ నిలబెట్టిండు.

"రైఫిల్ తర్వాత, బిడ్డా. మొదలు తూటా చెప్పు. గుండు ఎంత లావు, ఇత్తడి కేసు ఎంత పొడువు, అండ్ల మందు ఎంత పడ్తది, గివన్ని తెలిస్తేనే నేను బ్యారల్ తెప్పిచ్చేది, అండ్ల తూటా కూసునే ఛాంబర్ కోసేది. ఒకసారి కోసినంక మల్ల అతుకు పెట్టలేం."

వనజ మొదటిది చేతిలకు తీసుకున్నది. త్రీ నాట్ ఎయిట్. అందరికి తెలిసిన తూటా.

"బ్యారల్ శాన రోజులొస్తది. కాని తొమ్మిది వందల కాడికి పొయ్యేసరికి గుండు అలసిపోతది, గాలి ఎటు నూకితే అటు పోతది. పైగ మిలిటరీ బోరుకు, అంటే వాళ్ల గొట్టం కొలతకు, దగ్గర చుట్టం. మీ అడవి దిక్కు నుంచి అర్జీ పెడితే కాయితాల కాడనే ఆగుతది" అన్నడు మంగీలాల్.

రెండోది త్రీ హండ్రెడ్ మ్యాగ్నం, ఆమె నడిమేలుకన్న పొడువు. గాలిని కోసుకుంట పోతది, కాని దెబ్బ గట్టిది. మూడోది ఆరు ఎంఎం, చిన్నది. దెబ్బ మెత్తగుంటది, గురి శాన మంచిది.

"ఇదే బాగున్నట్టుంది కద కాకా?"

"బాగనే ఉంటది. కాని బ్యారల్ జల్దీ అరుగుతది. ఇంకోటి బయటి దేశం నుంచి రావాలంటే ఏడాది. ఇది కొట్టేటోళ్లంత తూటాలు సొంతంగ నింపుకుంటరు. నీకు ఫ్యాక్టరీ డబ్బాలు దొరకాలె."

నాలుగోది సిక్స్ ఫైవ్ క్రీడ్‌మోర్. నడిమి రకం. మ్యాగ్నంల సగం దెబ్బ గూడ ఉండదు. గుండు సన్నగ, పొడువుగ ఉండి తొమ్మిది వందల దాకా వేగం నిలుపుకుంటది. పోటీకి పనికొచ్చే ఫ్యాక్టరీ తూటాలు దొరుకుతయి. వనజ దాన్ని బల్ల మీద పెట్టలే, పిడికిట్ల పట్టుకొనే ఉన్నది.

"తొందర పడకు. ఓసారి మ్యాగ్నం కొట్టి చూసి చెప్పు" అన్నడు మంగీలాల్.

మ్యాగ్నం ఉన్నది ఉదయ్ భాస్కర్ కాడ. అశ్వారావుపేట చుట్టు ఆయనకు పామాయిల్ తోటలు, ఎరువుల వ్యాపారం. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. ఆయన గూడ అదే క్లబ్బుల మెంబరు. వనజ రైఫిల్ కట్టిస్తున్నదని తెలిసి తనే క్లబ్బు రేంజికి పిలిచిండు.

"చూడమ్మాయ్, బ్యారల్, యాక్షన్, స్కోపు అన్నీ నేను తెప్పిస్తాను. త్రీ హండ్రెడ్ మ్యాగ్నం కట్టించు. భుజానికి ఆనే స్టాకు మీద మా కంపెనీ పేరుంటుంది. ఆదివాసీ అమ్మాయి, విరిగిన భుజం, మ్యాగ్నం రైఫిల్! ఆ వీడియో ఎలా పోతుందో చూద్దువుగాని."

వనజకు ఆ మాట నచ్చలే. అయినా రైఫిల్ ఎనక పండుకున్నది. మొదటి రౌండు నడిమిట్ల పడ్డది. రెండోదానికి పట్టీ కింద ఎవరో మేకు దిగ్గొట్టినట్టయ్యి కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆ రౌండు గూడ పది పాయింట్ల గుండ్రంలనే పడ్డది. ఆమె బోల్టు తెరిచి, ఖాళీ కేసు తీసి, లేచి నిలబడ్డది.

"రైఫిల్‌కు వంక పెట్టేదేం లేదు సార్. కాని పోటీల రెండు రోజులకు అరవై ఆరు రౌండ్లు కొట్టాలె. రెండింటికే నా చెయ్యి లేస్తలేదు."

"దెబ్బ తగ్గేలా గొట్టం మూతికి బ్రేకు పెట్టిద్దాం."

"పోటీల బ్రేకు పెట్టనియ్యరు, మీకు తెల్వదా? నేను క్రీడ్‌మోరే కట్టిచ్చుకుంట."

ఉదయ్ భాస్కర్ నవ్విండు. "అదా? అది ఆడపిల్లల తూటా అంటారు మనవాళ్లు."

"కొట్టేది ఆడపిల్లనే కద సార్."

"డబ్బు పెట్టేవాడి మాట కూడా కాస్త వినాలమ్మాయ్."

"అట్లయితే పెట్టకుండ్రి" అన్నది వనజ.

అంత సాయం కాళ్ల కాడికి వస్తే తన్నుకున్నదని మిల్లుల అందరు అన్నరు. బొజ్జయ్య గూడ గదే అన్నడు. వనజ తన పాత టూటూ రైఫిల్‌ను క్లబ్బుల ఇంకో షూటర్‌కు అమ్మి రాసిచ్చింది. పదమూడేండ్లు ఆమె చెంపకు ఆనిన రైఫిల్ అది. రాసిచ్చిన రోజు అన్నం తినలే. వచ్చిన దాంట్ల, దాసుకున్న దాంట్ల బ్యారల్‌కు బయానా కట్టింది, మిగిలినయి జీతంల నెలనెల కడతనన్నది.

ఇగ మిగిలింది లైసెన్సుల కొత్త బోరు ఎక్కిచ్చుకునుడు. దానికి ఠాణా నుంచి విచారణ జరగాలె. ఎస్సై ఫైలు తిప్పుకుంట అడిగిండు.

"తొమ్మిది వందల మీటర్లు కొడ్తదా ఇది?"

"కొట్టాలనే కట్టిస్తున్న సార్."

"మీ ఊరేమో అడవి పక్కన. మీకు ఇసొంటి రైఫిల్ ఎందుకమ్మా? నేను ఏం రాసి పంపాలె పైకి?"

"పోటీలకని రాయుండ్రి. రైఫిల్ హైదరాబాద్‌ల క్లబ్బు లాకర్ల ఉంటది. ఊరికి ఒక్కరోజు గూడ తేను. లాకర్ కాయితం అండ్లనే పెట్టిన."

ఎస్సై చెడ్డోడేం కాదు. గొంతు తగ్గిచ్చి చెప్పిండు. "ఒక పని చెయ్యి. హైదరాబాద్‌ల చుట్టాలుంటే ఆ అడ్రస్ మీద పెట్టుకో. నెల రోజులల్ల అయిపోతది. నాకు తలనొప్పి లేదు, నీకు లేదు."

వనజ మనసుల లెక్కేసుకున్నది. నెల రోజులల్ల అయిపొయ్యే పని. బ్యారల్ దిగేనాటికి లైసెన్సు చేతిల ఉంటది. కాని ఆమె పుట్టింది గా ఊళ్లె, ఓటు గా ఊళ్లె, పొద్దున ముఖం కడిగేది గా ఊళ్లె.

"మా ఇల్లు ఏడున్నదో కాయితంల గూడ ఆడనే ఉంటది సార్. అడవి పక్కన పుట్టినోళ్లకు ఇయ్యద్దని రూల్ ఉంటే సూపియ్యుండ్రి, మల్ల రాను. లేకుంటే రాతల ఏదో ఒకటి చెప్పుండ్రి."

రాతల ఎవరూ ఏం చెప్పలే. ఫైలు పద్నాలుగు నెలలు కదల్లే. వనజ సమాచార హక్కు కింద మూడు అర్జీలు పెట్టింది. సెలవు దొరికినప్పుడల్లా పోయి లైసెన్సులిచ్చే ఆఫీసు బెంచీ మీద కూసున్నది. ఊళ్లె కొందరు ఎనక గొణిగిన్రు, ఆమెకు తుపాకి పిచ్చి పట్టిందని. గంగక్క మాత్రం బిడ్డకు టిఫిన్ డబ్బా కట్టిచ్చి, "పెద్దసారు రాకుంటే ఆయన కుర్సీ ముంగటనే కూసొని తిను" అని పంపేది. మూడో అర్జీ తర్వాత, ఆమె మీద ఏ కేసు లేదు, అభ్యంతరం లేదు అని ఎస్సై రాసి పంపిండు. లైసెన్సుల కొత్త బోరు ఎక్కింది. అడ్రస్ మారలే.

అప్పుడు మంగీలాల్ పని మొదలుపెట్టిండు. బ్యారల్ లావుది పెట్టి, స్టాకు బరువుగ చేసిండు. రైఫిల్ ఎంత బరువుంటే భుజానికి దెబ్బ అంత తగ్గుతది. రెండు కంపెనీల తూటాలు తెచ్చి కొట్టి చూసిన్రు. ఒకటి మూడు వందల మీటర్ల కాడ ముద్దుగ పడ్డది కాని ఆరు వందలకు పోతే కిందికి మీదికి అయింది. రెండోది మూడు వందల కాడ అంత అందంగ లేకున్నా ఆరు వందల కాడ చెదరలే. వనజ రెండోదే తీసుకున్నది. యాభై రౌండ్లు కొట్టినంక మంగీలాల్ అడిగిండు, "చెయ్యి ఎత్తు బిడ్డా." ఆమె తల మీదికి ఎత్తి చూపిచ్చింది. నొప్పి ఉన్నది, కాని చెయ్యి లేసింది.

పోయిన జనవరిల మహారాష్ట్రల ఒక రేంజిల పోటీ. ముప్పై ఒక్కమంది, అండ్ల ఆడమనిషి ఒక్కతే. మొదటి రోజు మూడు వందల కాడ ఏడో స్థానం. ఆరు వందల కాడ అందరికన్న మీద. ఉదయ్ భాస్కర్ వచ్చి బోర్డు చూసి పోయిండు. రెండో రోజు తొమ్మిది వందల కాడ నడిమిట్ల గాలి తిరిగింది. దగ్గరి గాలి జెండా ఒక దిక్కు, అవతలి జెండా ఇంకో దిక్కు ఊగుతుంటే వనజ దగ్గరిదాన్ని నమ్మి మూడు రౌండ్లు పోగొట్టుకున్నది. నాలుగోదానికి తెలుసుకున్నది గాని, పోయినయి పోయినయే. లెక్కలు తేలినంక ఆమెది తొమ్మిదో స్థానం. ఉదయ్ భాస్కర్‌ది నాలుగు.

"చెప్పాను కదమ్మాయ్. మ్యాగ్నం అయితే ఆ గాలికి తట్టుకునేది" అన్నడాయన.

"గాలిని తప్పు చదివింది నేను సార్, తూటా కాదు. మ్యాగ్నం అయితే నిన్న పొద్దుగాలనే దవాఖానల ఉండేదాన్ని" అన్నది వనజ. "అరవై ఆరు కొట్టిన. ఇంకో అరవై ఆరు పెట్టుండ్రి, ఇప్పుడే కొడత."

సాయంత్రం బహుమతులిచ్చేటప్పుడు ఆమె పేరు పిలిచిన్రు. ఉత్తమ మహిళా షూటర్ అట. బల్ల మీద ఎర్ర రిబ్బన్ కట్టిన కప్పు. వనజ మైకు కాడికి పోయింది.

"ఆడోళ్లల్ల నేను ఒక్కదాన్నే వచ్చిన. ఎవరి మీద ఉత్తమం? తొమ్మిదో స్థానం అని ఉన్న కాయితం ఇయ్యుండ్రి, సంతకం పెట్టి. అది చాలు."

కొందరు నవ్విన్రు, కొందరు చప్పట్లు కొట్టిన్రు, నిర్వాహకుడి ముఖం మాడింది. కప్పు బల్ల మీదనే ఉండిపోయింది. కాయితం కోసం ఆమె ఇంకో గంట నిలబడాల్సి వచ్చింది. నిలబడ్డది.

రైఫిల్‌ను హైదరాబాద్ లాకర్ల పెట్టి, మరునాడు పగటీలి ఇల్లు చేరింది. గంగక్క కాయితం అటు ఇటు తిప్పి చూసి, వాళ్ల కోయ భాషలనే అడిగింది.

"తొమ్మిదంటే మంచిదేనా?"

"ముప్పై ఒక్కమందిల అవ్వా."

"నీకన్న మీద ఉన్న ఎనిమిది మంది ఎవలు?"

వనజ తెలిసినకాడికి పేర్లు చెప్పింది. గంగక్క ఒక్కో పేరుకు ఒక్కో వేలు ముడిచింది.

"మల్ల ఎప్పుడు పెడ్తరు?"

"నవంబర్ల."

"ఆ గాలి సంగతి ఎట్లనో అప్పటిదాక నేర్సుకో" అని గంగక్క లేచి పొయ్యి కాడికి పోయింది. వనజ కుడి చేత్తోనే గోడ మీది మేకు అందుకొని కాయితం తగిలిచ్చి, డ్యూటీ టైమైందని కాటాకు బయలెల్లింది.