అత్తమ్మకు తగిన ఓడ

ఓడల కబురు మా ఇంటికి మొదట తెచ్చినవాడు మా మరిది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అల్లం బేరానికి బొంబాయి వెళ్లి వచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే వాకిట్లో నిలబడి, "వదినె, జహాజులు మల్ల మనుషులను ఎక్కించుకుంటున్నయి. బొంబాయిల ఎక్కితే నీళ్ల మీదనే ద్వారకకు పోవచ్చు" అన్నాడు. సంచిలోంచి రెండు అచ్చుకాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు వేరు వేరు కంపెనీల కాగితాలవి. ఒకదాని మీద మూడంతస్తుల ఓడ బొమ్మ. రెండోదాని మీద ఒకే పొగగొట్టం ఉన్న చిన్న ఓడ.

లోపల దేవుడి గూటి దగ్గర కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న మా అత్తమ్మ ఆ మాట విన్నది. పత్తి తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

అత్తమ్మ మెడలో తులసిమాల ఉండేది. ఏటా ఆషాఢంలో భజన చేసుకుంటూ పండరికి నడిచిపోయే వాళ్లతో ఆమె కూడా నడిచేది. విఠలుడు ద్వారక విడిచి వచ్చి అక్కడ ఇటుక మీద నిలబడ్డాడని వాళ్లు పాడుకుంటారు. "ఆయన నిలబడ్డ జాగ ఇన్నిసార్లు చూసిన. ఏ ఇల్లు విడిచి వచ్చిండో అది ఒక్కసారి చూడాలె గద" అని ఆమె ఎప్పుడూ అనేది. ఆ ఏడు ఎండాకాలం చివర జ్వరం వచ్చి లేచాక మోకాళ్లలో బలం పోయింది. పండరికి నడవలేకపోయింది. ద్వారకకు రైలులో పోదామంటే నాలుగైదు చోట్ల బండి మారాలి, మెట్లు ఎక్కాలి, దిగాలి. అది అయ్యే పని కాదని అందరం అనుకున్న సమయంలో ఈ ఓడల మాట వచ్చింది.

ఒక్కటే చిక్కు. మాల వేసుకున్న నాటి నుంచి అత్తమ్మ పరాయి పొయ్యి మీద వండినది ముట్టలేదు. నీళ్లు కూడా తనో నేనో తోడినవే తాగేది. జ్వరం తగ్గాక ఒక ఏకాదశినాడు ఉపవాసముండి వాకిట్లోనే పడిపోయింది. దవాఖాన డాక్టరు ఇక ఒక్క పూట కూడా తిండి తప్పకూడదని గట్టిగా చెప్పాడు. అందుకని మా వారు ముందే తేల్చేశారు. "అవ్వ తన పద్ధతిల తినే ఓడ దొరికితే పోదాం. లేకుంటే లేదు."

అత్తమ్మ ఆ కాగితాలను తన పెట్టెలో, పండరి నుంచి తెచ్చుకున్న నల్లబొట్టు బుక్కా పొట్లం పక్కన పెట్టుకుంది.

నేను బడి మొహం చూడలేదు. నాన్న ఇంట్లోనే పలక మీద తెలుగు దిద్దించారు. ఆ చదువు ఇచ్చినందుకు ఆయనకు ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను. మరునాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పలక తెచ్చి మధ్యలో గీత గీశాను. మా వారు కాగితాలు చదివి అర్థం చెబుతుంటే ఇటు పెద్ద ఓడ సంగతులు, అటు చిన్న ఓడ సంగతులు రాశాను. పెద్దది తొందరగా చేరుస్తుంది. శాకాహారులకు వేరే వంట ఉంది. ఎక్కినవారు మాత్రం నిప్పు రాజేయకూడదు. చిన్నది ప్రతి రేవులోనూ ఆగుతూ పోతుంది. కాని వెనక భాగంలో రేకు పరిచిన చోట ఎవరి వంట వాళ్లు చేసుకోవచ్చు.

"సంబంధాలు చూసినట్టే ఉన్నది" అన్నది అత్తమ్మ. "ఒకడు కలిగినోడు, కోడలిని వంటింట్లకు రానియ్యడు. ఒకడు లేనోడు, పొయ్యి నీదే అంటున్నడు."

"లేనోనికే ఇద్దాం" అన్నారు మా వారు.

మరిదికి అది నచ్చలేదు. "నేను రేవుల నిలబడి రెండూ చూసిన అవ్వా. పెద్దదాంట్ల కరెంటు పంకలున్నయి. చిన్నది మన అల్లం లారీ లెక్క ఉన్నది."

"నువ్వు అల్లం లారీలనే వస్తవు పోతవు. ఏమన్న అరిగిపోయినవా?"

మరిది నవ్వాడు. కాని ఒక్క మాట మాత్రం వదల్లేదు. ఏ ఓడయినా సరే, ముందు భాగంలోనే చోటు అడగాలన్నాడు. దానికి అందరం తల ఊపాం. మా వైపు బస్సుల్లో డ్రైవరు వెనక సీటు పెద్దలకిస్తారు. బస్సు చివర కూర్చున్నవాళ్లు దిగేసరికి ఎర్రమట్టి బొమ్మలవుతారు. నేను పలక మీద పెద్ద అక్షరాలతో "ముందు జాగా" అని రాశాను. చిన్న ఓడకే ఉత్తరం రాద్దామని మాట ఖాయమైంది.

మా పెరటి గోడకు ఒక చిన్న దిడ్డి వాకిలి ఉండేది. దాని అవతల ఇల్లు హజ్జానమ్మది. యుద్ధానికి ముందు ఓడలో మక్కాకు వెళ్లి వచ్చిన మనిషి కనుక ఊరందరికీ ఆమె హజ్జానమ్మే. ఆ దిడ్డి గడపకు అటు ఆమె, ఇటు మా అత్తమ్మ కూర్చుని అనపకాయలు ఒలుచుకుంటూ మాట్లాడుకునేవారు. ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు తాగింది లేదు. ఒకరి కష్టం ఒకరికి చెప్పకుండా ఒక రోజు గడిచిందీ లేదు.

ఆ సాయంత్రం పలక పట్టుకుని నేనూ అక్కడికి వెళ్లాను. రాసినదంతా చదివి వినిపించాను. హజ్జానమ్మ చివరిదాకా విన్నది.

"అంత మంచిగనే ఉన్నది బేటీ. దిగేది ఎట్ల?"

"ఎట్లంటే, ఓడ ఆగుతది. దిగుతం."

"జహాజ్ బస్సు కాదు. ఒడ్డు దాక రావాలంటే దానికి కింద లోతు కావాలె. లోతు లేకపోతే నడినీళ్లల్ల ఆగుతది, పక్కకు పడవ వస్తది, తాడు నిచ్చెన మీద దిగాలె. పడవేమో ఒక్క తీరుగ ఎగిరి పడుతుంటది. జిద్దా రేవుల నా ముందు ఒక ముసలామెను చద్దర్ల మూటగట్టి దింపిన్రు."

అత్తమ్మ తన మోకాళ్ల వైపు చూసుకుంది.

"ఈ ముందు జాగ ఏంది?" అని హజ్జానమ్మ అడిగింది. నేను దుమ్ము సంగతి చెప్పాను. ఆమె తల మీది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "సముద్రంల దుమ్మెక్కడిది తల్లీ. చాటల గింజలు చూడలేదా? చెరిగేటప్పుడు అంచున ఉన్నది ఎగురుతది, నడుమ ఉన్నది ఉన్నకాడ ఉంటది. నడుమ అడుగున్రి. నీళ్లు ఎంత దూరం, పాయిఖానకు ఎన్ని మెట్లు, ఆడోళ్లకు పరదా ఉన్నదా, గివి అడుగున్రి. పంకల ఫికర్ వద్దు. గాలి అల్లా ఇస్తడు."

నేను పలక తుడిచేసి కొత్తగా రాసుకున్నాను. మా వారు ఆ ప్రశ్నలే ఉర్దూలో రెండు కార్డుల మీద రాసి, ఒక్కో కంపెనీకి ఒక్కోటి పంపారు.

జవాబులు రావడానికి ఇరవై రోజులు పట్టింది. పెద్ద ఓడ ఓఖా రేవులో గట్టుకు ఆనుకుని ఆగుతుందట. చెక్క పలక మీద నడిచి దిగి, అక్కడి నుంచి ద్వారకకు కాసేపు రైలులో పోతే చాలు. ఆడవాళ్ల చోటు నడుమనే, పరదా ఉంది, మెట్లు లేవు. చిన్న ఓడ వాళ్లు ఎంతో మర్యాదగా రాశారు. తమ ఓడ ద్వారక ఎదురుగా సముద్రంలోనే ఆగుతుందని, పడవ, నిచ్చెన ఉంటాయని, ఆరోగ్యవంతులకు ఏ ఇబ్బందీ ఉండదని.

"ఒకరింట్ల పొయ్యి లేదు, ఒకరింట్ల దర్వాజ లేదు" అన్నది అత్తమ్మ.

మా వారు కార్డులు మడిచి జేబులో పెట్టుకుని, "వచ్చే ఏడు చూద్దాం అవ్వా" అన్నారు. వచ్చే ఏటికి ఆ మోకాళ్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. "సరే బిడ్డ" అని అత్తమ్మ చాటలో పప్పు పోసుకుని ఏరడానికి కూర్చుంది. ఏరిన పప్పునే మళ్లీ మళ్లీ ఏరింది. నేను పొయ్యి ముందు కూర్చుని, నువ్వు నడిచి వచ్చిన తోవే కదా స్వామీ, ఈమెకు వెనక్కి నడిచే తోవ చూపించలేవా అని మనసులో అడిగాను.

అడిగిన మాట ఊరికే పోలేదు. మరునాడు దిడ్డి దగ్గర హజ్జానమ్మ, "ఏమాయె చెల్లె, ఏ జహాజ్?" అని పలకరించింది.

"పొయ్యి లేదంటక్కా. నేను ఉపవాసం ఉంటనంటే పెద్దోడు ఒప్పుకోడు."

"పొయ్యి ఉంటె ఏం జేస్తుంటివి? మేమందరం పొయ్యిలు మోసుకొని పోయినం. నాలుగు దినాలు ఒక్కలు ముట్టలేదు. పొగ వాసనకే కడుపుల తిప్పె." అని ఆగి, "పండరికి పోయేటప్పుడు పొయ్యి నెత్తిన పెట్టుకొని నడుస్తవా?" అని అడిగింది.

"తొవ్వల పొయ్యి ఎందుకు? దశమీలు కట్టుకుంట."

దశమి అంటే నీళ్లకు బదులు పాలతో పిండి తడిపి కాల్చిన రొట్టె. పాలతో తడిపినదానికి ప్రయాణంలో ఏ అంటూ ఉండదని మా వైపు పెద్దల మాట. రెండు మూడు రోజులు చెడదు. పండరికి నడిచేవాళ్ల భుజాన ఉండే మూట అదే.

"మరి జహాజ్ తొవ్వ కాదా?" అన్నది హజ్జానమ్మ.

అత్తమ్మ చేతిలోని అనపకాయ అలాగే ఉండిపోయింది. "దాంట్ల అర్రలున్నయని, వంటిల్లున్నదని కాగితంల రాసిన్రు. నేను ఇల్లనుకున్న."

"ఇల్లయితే ఉన్నకాడ ఉండాలె. నడిచేదాన్ని ఇల్లంటరా?"

నీళ్లు చూడని నేల మనుషులం. పలక మీద గీత గీసి, రెండు వంటిళ్లను పోల్చుకుంటూ నెల రోజులు గడిపాం. ఏటేటా మేము కట్టి ఇచ్చే మూట ఒక్కరికీ గుర్తు రాలేదు. అత్తమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను లోపలికి పరుగెత్తి మా వారితో చెప్పాను.

నీళ్ల సంగతి కూడా హజ్జానమ్మే తీర్చింది. ఆమె దగ్గర మూత మరతో బిగిసే డబ్బా ఒకటి ఉండేది. మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్లు తెచ్చుకున్నది అందులోనే. "ఇది నీకు నడవదని నాకు తెలుసు చెల్లె. నమూనా చూసుకో, కంచరి దగ్గర గిట్లాంటిదే చేయించుకో" అని గడపకు అవతలే పట్టుకుని, మూత తిప్పి, మళ్లీ తిప్పి చూపించింది. ఇస్తానని చెప్పి మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. కాదనే అవసరం మాకు రానివ్వలేదు. అంత సున్నితత్వం నేను చదువుకున్నవాళ్లలో కూడా ఎక్కువగా చూడలేదు.

కార్తీకంలో బయలుదేరి, బొంబాయి దాకా ఒకే రైలులో పోయాం. బొంబాయిలో ధర్మశాల వసారాలో మా ఇంటి ఇనుప కుంపటి పెట్టి దశమీలు నేనే కాల్చాను. కంచరి చేసిచ్చిన మరమూత రాగి పాత్రల్లో బావి నీళ్లు నింపుకున్నాం. ఉదయం పూట పెద్ద ఓడ ఎక్కాం. నడుమ, పరదా వెనక మా చాప పరిచాం. మరిది మాత్రం, "లారీల ముందట కూసుండి బొంబాయి దాక వచ్చేటోన్ని, నాకేమైతది" అని ముందు భాగానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు పట్టుకుని తెచ్చి పరదా అవతల పడుకోబెట్టారు. అత్తమ్మ నిమ్మకాయ కోసి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"పంకలు మంచిగున్నయా బిడ్డ?"

"అవ్వా, నువ్వు మాట్లాడకు" అన్నాడు మరిది కళ్లు తెరవకుండా.

కాని ఆ రోజంతా అత్తమ్మ కూడా ఏమీ ముట్టలేదు. తల తిరుగుతుందని కళ్లు మూసుకుని జపం చేసుకుంది. మా వారు ఎన్నోసార్లు పరదా దగ్గరికి వచ్చి, "అవ్వ తిన్నదా?" అని అడిగారు. లేదని చెప్పినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. తీసుకొచ్చి తప్పు చేశానా అన్నది ఆయన నోటితో అనలేదు. మూట విప్పడం, కట్టడం, అదే నా పని అయింది.

మరునాడు ఎండ పొడ చాప మీద పడుతుండగా అత్తమ్మ లేచి కూర్చుంది. "పిల్లా, ఒకటి తీయ్" అన్నది. బెల్లం ముక్కతో ఒక దశమి తిన్నది. తరువాత ఇంకో సగం తిన్నది. పాత్ర ఎత్తి గటగటా నీళ్లు తాగింది. నేను పరదా తొలగించి, "తిన్నది" అన్నాను. మా వారు అక్కడే, ఉన్నచోటనే కూలబడి, సముద్రం వైపు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నారు.

అత్తమ్మ కూడా అప్పుడే సముద్రాన్ని సరిగ్గా చూసింది. చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లున్న జాగ విడిచిపెట్టి మన ఎండు భూములకు వచ్చి నిలబడ్డడు" అన్నది. "మనం ఆయనకు ఏం పెట్టినమని?"

ఓఖాలో చెక్క పలక మీదుగా కొడుకు చెయ్యి పట్టుకుని నడిచి దిగింది. ద్వారకలో మూడు రోజులున్నాం. దర్శనం గురించి రాయడం నాకు చేతకాదు. అత్తమ్మ నిలబడింది, ఆమె వెనక నేను నిలబడ్డాను, అంతే.

రెండో రోజు ఒడ్డున కూర్చుని ఉండగా దూరాన ఒకే పొగగొట్టం ఉన్న ఓడ వచ్చి నడినీళ్లలో ఆగింది. పడవలు దాని దగ్గరికి వెళ్లాయి. ఓడ పక్కన తాడు నిచ్చెన మీద మనుషులు ఒక్కొక్కరే చీమల్లా దిగుతున్నారు. కింద పడవ పైకి లేచి పడుతోంది. ఒకామె సగం దిగి, కింది మెట్టు అందక అక్కడే వేలాడుతూ ఉండిపోయింది. పడవవాళ్లు ఆమెను అందుకునేదాకా అత్తమ్మ చూస్తూనే ఉంది. తరువాత రెండు చేతులూ జోడించింది. గుడి వైపు కాదు, ఎటో మా ఊరి దిక్కు అనుకుని. "అక్కా" అన్నది.

హజ్జానమ్మ ఇప్పుడు లేదు. తాను తిరిగి ఎన్నడూ ఓడ ఎక్కలేదు. ఎక్కబోయేవాళ్లకు మాత్రం తాను పడ్డ కష్టం రానివ్వలేదు. ఇది చదివినవారు మీ పూజలోనో, మీ నమాజులోనో, ఏదీ లేకుంటే ఊరికే కూర్చున్న వేళనో, ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.