నేను పోసిన తాండ్ర

మా అక్కే మా అత్తగారు. అక్క కూతుర్ని చేసుకోవడం మా వైపు వింతేమీ కాదు. పెళ్లయ్యేదాకా నా భార్య నన్ను మామయ్యా అని పిలిచేది, తర్వాత ఏవండీ అనడం నేర్చుకుంది. అక్క మాత్రం ఒరేయ్ అనడం మానలేదు. పెళ్లిపందిట్లో కూడా, "ఒరేయ్, తలెత్తరా, బాసికం జారిపోతోంది" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

బావ పోయాక, పందొమ్మిది వందల అరవైల మొదట్లో, ఆవిడ నూజివీడులో మా ఇంటికొచ్చి ఉండిపోయింది. మైలవరంలో ఆవిడ మరిదికి పెద్ద ఇల్లుంది, అందులో ఆవిడకంటూ ఒక గది ఉంది. అక్కడ ఉండొచ్చు కదా అంటే, "అక్కడ నాకెవరున్నార్రా? నా మనవలు ఇక్కడున్నారు" అనేది. ఆవిడ వెళ్లిపోవాలన్నది నా కోరిక. పిల్లల దగ్గరే ఉండాలన్నది ఆవిడ కోరిక. మా తగువంతా దీని గురించే. పైకి మాత్రం ఉప్పు గురించీ, కాగులో నీళ్ల గురించీ పోట్లాడుకునేవాళ్లం.

ఆవిడ మెతక మనిషని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆగిరిపల్లి దగ్గర నేను గుత్తకు తీసుకున్న మామిడితోటలో పూత రాలిపోతే, "వాడి చెయ్యి పడ్డాక పూత నిలుస్తుందా?" అని వీధి అరుగు మీద కూర్చుని నలుగురిలో అంది. నేనూ తక్కువ తినలేదు. అన్నం తింటూ, "మైలవరం బస్సు ఇంకా తిరుగుతోందా?" అని పిల్లల్ని అడిగేవాణ్ణి. చివరికి ఇద్దరం మాటలు మానేశాం. ఏం చెప్పుకోవాలన్నా పిల్లల చేత చెప్పించుకునేవాళ్లం.

"మీ నాన్నని అడగవే, పులుసులో కారం సరిపోయిందో లేదో."

"చెప్పమ్మా, పులుసులో సరిపోయింది, వండినావిడ నోట్లోనే కాస్త ఎక్కువైందని."

మా అమ్మాయి అటూ ఇటూ చూసి, "ఇద్దరూ వినేశారుగా, ఇంక నేనెందుకూ?" అనేది. దానికప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. మా వాడు దానికన్నా చిన్నవాడు.

ఆ నోరు పిల్లలతో తీపి చేసేటప్పుడు మాత్రం మెత్తబడేది. పొయ్యి దగ్గరకి వాళ్లని రానిచ్చేది కాదు. నిప్పు అక్కర్లేనివే చేయించేది. తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి చలిమిడి. అటుకుల్లో రసం మామిడిపండు పిండి, పైన కొబ్బరి తురుము. వేసవి వస్తే తాండ్ర. పండ్లు పిసికి, రసం పల్చటి గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి, నెయ్యి రాసిన చాప మీద పల్చగా పూసి ఎండబెట్టాలి. ఆ పొర ఎండాక ఇంకో పొర. అదే పని రోజూ, తాండ్ర మందం తేలేదాకా. "పొర మీద ఈగ వాలితే కాలు మునక్కూడదు" అనేది పిల్లలతో. పూయడం వాళ్ల చేతే చేయించేది. చిన్న చేతులైతే పల్చగా వస్తుందట.

ఆ చాప మా పెరట్లో వేసేవాళ్లు. నా గంపలకి వరిగడ్డి పరిచి కాయలు సర్దించేదీ అక్కడే. మంచి ఎండ పడే జాగా అంతా ఆవిడ చాపదే. అది నాకు కంటగింపు. కానీ అసలు మంట వేరే ఉంది. నేను తోట నుంచి రాగానే ఇంట్లోకి పారిపోయే పిల్లలు, ఆ చాప చుట్టూ చేరి విరగబడి నవ్వేవాళ్లు.

ఒకరోజు ఆవిడ ముసునూరులో చుట్టాల పెళ్లికి వెళ్లింది. పొద్దున్నే ఒక పొర పోయించి, "నేనొచ్చేదాకా దీని జోలికి వెళ్లకండి" అని చెప్పి వెళ్లింది. పిల్లలు ఏం తోచక తిరుగుతున్నారు. నాకు ఆశ పుట్టింది. ఆశో, కసో, ఇప్పటికీ చెప్పలేను.

"రండర్రా, మనం పోద్దాం తాండ్ర."

"అమ్మమ్మ వద్దంది."

"ఊరి మామిడిపళ్లన్నీ అమ్మేది నేను. నాకు తాండ్ర రాదా?"

మద్రాసు పంపాల్సిన గంపలోంచి మంచి పళ్లు తీశాను. మా వాడు మోచేతుల దాకా రసం పూసుకున్నాడు. అమ్మాయి నా వీపు మీద రసం చేత్తో చరిచింది. నేను కోప్పడలేదు. పిల్లలు నాతో అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఆగకూడదని పోస్తూనే ఉన్నాను. పొద్దుటి పొర అడుగున ఇంకా తడిగానే ఉంది. దాని మీద మందంగా పోశాను. మధ్యాహ్నానికి పైన మెరుపు తేలింది, ఎండిందనుకుని మళ్లీ పోశాను. సాయంత్రం ఇంకోసారి.

"నాన్నా, ఈగ కాలు మునిగిపోతుంది" అంది అమ్మాయి.

"మునిగితే మునగనీ. ఈగ కూడా తీపి తింటుంది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అమ్మమ్మకి చెప్పొద్దన్నాను. మన గుట్టు అన్నాను.

ఆవిడ వచ్చింది, చెయ్యి వేసి చూసింది, పైన గట్టిగానే ఉంది. రోజూలాగే పిల్లల చేత పొరలు పోయించింది. తాండ్ర కోసే రోజున పక్కింటి వాళ్లని పిలిచింది. పెరట్లో గంపలు సర్దే కూలీలూ ఉన్నారు. కత్తి దిగగానే లోపల్నుంచి నురుగు వచ్చింది. గుప్పుమని కల్లు వాసన.

"పెద్దమ్మగారు తాండ్ర పోశారా, కల్లు దింపారా అండీ?" అన్నాడొక కూలీ. అందరూ నవ్వారు.

అప్పుడైనా నేను నోరు విప్పొచ్చు. అంతా నవ్వులాటగా తేలిపోయేది. దానికి బదులు ఎన్నాళ్లుగానో వెతుకుతున్న మాట నోటికి దొరికింది. భార్య వైపు తిరిగి, "మీ అమ్మకి ఇంక చూపూ లేదు, చేతిలో చేవా లేదు. ఇది తిని పిల్లలకేమన్నా అయితే ఎవరు చూస్తారు?" అన్నాను.

అక్క నా వైపు చూడలేదు. అమ్మాయిని దగ్గరకి లాక్కుంది.

"నేను ముసునూరు వెళ్లిన రోజు దీన్నెవరు ముట్టుకున్నారే?"

అమ్మాయి నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. చెప్పొద్దని కళ్లతోనే చెప్పాను.

"ఎవరూ ముట్టుకోలేదు అమ్మమ్మా. నువ్వే తడి మీద పోయించావు."

ముట్టుకోలేదని చెప్పడం వరకే నా కళ్లు నేర్పాయి. ఆ రెండో మాట అది సొంతంగా అంది. మా ఇంట్లో రోజూ వింటున్నదే కదా, ఎదుటి మనిషి మీదికి ఎలా నెట్టాలో.

అక్క దాని చెయ్యి వదిలేసింది. ఎన్నో నెలల తర్వాత నాతో నేరుగా మాట్లాడింది.

"ఒరేయ్, నీతో బతికినన్నాళ్లూ పోట్లాడగలను. దీంతో నేను పోట్లాడలేనురా."

మధ్యాహ్నానికి పెట్టె సర్దుకుంది. "ఏవండీ, అమ్మని ఆపండి" అని నా భార్య ఏడిచింది. "నేను వెళ్లమన్నానా?" అన్నాను. నిజమే, ఆ రోజు అనలేదు. బస్సెక్కేటప్పుడు మా వాడొక్కడే ఆవిడ చీర పట్టుకుని వదల్లేదు. వాడి వేళ్లు ఒక్కొక్కటీ నేనే విడదీశాను.

మళ్లీ వేసవిలో నా భార్య పోరు పడలేక పిల్లల్ని మైలవరం తీసుకెళ్లాను. దారి పొడుగునా చెప్పేయాలనే అనుకున్నాను. అక్క మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టింది. పిల్లలకి కొట్టులో కొన్న తాండ్ర ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి ఇచ్చింది.

"మనం చేద్దాం అమ్మమ్మా" అన్నాడు వాడు.

"ఇక్కడ పెరడు లేదు నాన్నా" అంది. కిటికీలోంచి ఎండ కాస్తున్న పెరడు కనిపిస్తూనే ఉంది.

అమ్మాయి పళ్లెం ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తినమ్మా" అంది అక్క. దాన్ని ఎప్పుడూ ఒసే అనే మనిషి, అమ్మా అంది. "చుట్టాలింటికి వచ్చినవాళ్లు మొహమాటపడకూడదు."

అమ్మాయి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమలకుండా అలాగే నన్ను చూసింది. నేను బస్సుకి టైమైందని లేచాను.

తిరుగు బస్సులో అది కిటికీ వైపు మొహం తిప్పుకునే కూర్చుంది. వాడు నా మోకాలు తట్టి అడిగాడు.

"నాన్నా, అమ్మమ్మకి ఎప్పుడు చెప్తావు?"

"పడిపోతావు, సరిగ్గా కూర్చో" అన్నాను.