తడి గోనెలో తెల్ల వైను: కర్నూలు నుంచి కడపకు

ఇది రాయకూడదనే అనుకున్నాను. కర్నూలు నుంచి కడపకు బస్సులో పోవడం కూడా ఒక యాత్రేనా, కాగితం దండగ. అయితే నాలాగా మండుటెండలో ఒక ఫ్రెంచి వైను సీసా మోసుకుని ఆ దారిన పోయే అభాగ్యుడు ఇంకొకడు ఉండకపోడని రాస్తున్నాను.

కడపలో నా చిన్ననాటి స్నేహితుడు సుబ్బారెడ్డికి టైఫాయిడు తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. డాక్టరు కారం మాన్పించి చప్పిడి తిండి పెట్టమన్నాడు. ఈయనేమో ముద్ద ముట్టడు. ఇంకో నాలుగు రోజులు ఇట్లే ఉంటే మనిషి దక్కడని కోడలు లక్షుమ్మ కబురు పెట్టింది. మొదటి యుద్ధంలో సిపాయిగా ఫ్రాన్సు పోయినప్పుడు ఎవరో ఇంటివాళ్ళు ఈయనకు ఉడికించిన చేప పెట్టి, బావిలో చల్లబెట్టిన తెల్ల వైను పోశారట. అది తెస్తే చప్పిడిదైనా తింటానని మొండికేశాడు. నిమ్మకాయ పిండినట్టు పుల్లగా ఉంటుందట, చేపకూ మేకపాల జున్నుకూ సరిపోతుందట, కారం తగిలితే మాత్రం చస్తుందట. మన సీమలో కారం లేనిది పాయసం ఒక్కటే. అందులోనూ మిరియాలు వేసే ఇల్లు నందికొట్కూరులో నాకొకటి తెలుసు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

మద్యనిషేధం రోజుల్లో వైను యాడ దొరుకుతుంది? నా బావమరిది పాండిచ్చేరి నుంచి పంచెల మధ్య దాచి ఒక సీసా తెచ్చాడు. నేను దాన్ని తడి గోనెలో చుట్టి పొద్దున ఆరు గంటల బస్సెక్కాను. ఛార్జీ నాలుగు రూపాయల లోపే. కర్నూలుకు రాజధాని వచ్చినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. డ్రైవరు ఇంజను పక్కన చోటు చూపించి, "ఈడ పెట్టప్పా, భద్రంగా ఉంటాది" అన్నాడు. చారు కాచుకోవడానికైతే మంచి చోటే. వద్దని ఒళ్ళో పెట్టుకున్నాను.

నంద్యాలలో ఒకసారి, ఆళ్ళగడ్డలో ఒకసారి గోనె తడిపాను. పక్కన ఒక ముసలమ్మ, మంత్రాలయం పోయి వస్తోంది, నా వంకే చూస్తోంది. మైదుకూరులో పోలీసాయన ఎక్కాడు.

"ఏముండాది పెద్దాయనా, ఆ గోనెలో?"

నేను గొంతు సవరించుకునే లోపల ముసలమ్మే అందుకుంది. "కండ్లు కనపడవా నాయనా? తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. స్వామి తీర్థమది. చెప్పులకాళ్ళతో దగ్గరికి రాబాక!"

పోలీసాయన చెప్పులు విడిచి, ఒక దండం పెట్టి, దిగిపోయాడు.

అసలు నరకం అప్పుడు మొదలైంది. గోనె నుంచి కారే నీళ్ళను జనం వేళ్ళతో అద్దుకుని కళ్ళకు రాసుకున్నారు. సీసాను దించబోతే ముసలమ్మ కసిరింది, "కింద పెడతాండావా? బుద్ధుండాదా?" అని. కడప దాకా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. ఇప్పటికీ భుజం నొప్పే. దిగేటప్పుడు ఎవరింటికని అడిగింది. విసుగులో సుబ్బారెడ్డి ఇంటికని నిజమే చెప్పాను.

రెండు గంటలకు ఇల్లు చేరి సీసాను బావిలో దించాను. కె.సి. కాలువ చేపను లక్షుమ్మ ఉప్పు, నిమ్మరసం వేసి ఉడికించింది. "కారం లేకుండా చేపేంది మామా, పిల్లి కూడా తినదు" అంటూనే పెట్టింది. సుబ్బారెడ్డి ఒక గుక్క తాగాడు. మొహం చింతకాయ తిన్నట్టు పెట్టాడు.

"శానా పులుపు, ఓబులేసూ" అని, చేపలో చెయ్యి పెట్టాడు. ముల్లు మిగిల్చి అంతా తిన్నాడు. రాత్రికి మళ్ళీ అడిగాడు.

ఆ వైను గొప్పదేమీ కాదని నా అభిప్రాయం. చప్పిడి తిండికి తోడు, అంతే. కానీ మనిషి ఏ రుచి కోసం ఇన్నేళ్ళు నోరు తెరుచుకుని ఉంటాడో వైద్యులకు తెలియదు, స్నేహితులకు విసుగు. మీరు పోయేట్టయితే కుడిపక్క సీటు మాత్రం పట్టకండి, మధ్యాహ్నం ఎండ అటే కొడుతుంది.

మర్నాడు పొద్దున ముసలమ్మ తీర్థం కోసం చెంబు పట్టుకుని వచ్చింది. ఖాళీ సీసా చూపించాను. అందులో నీళ్ళు పోయించుకుని, గిలకరించి, చెంబులోకి వంపుకుని పోయింది.