ఖాలాకు అందని వాసన

మార్కాపురంలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలిని ఖాలా అని, అంటే ఉర్దూలో పిన్ని అని పిలిచేదాన్ని. ఏటా దసరా వెళ్ళాక చిన్నుల్లిపాయల్లాంటి ఫ్రీసియా పూల దుంపలను కుండీల్లో నాటేది. పొద్దుటి ఎండ చూపించి, ఎండ ముదిరేలోపు కుండీలను లోపలికి మోసుకొచ్చేది. వంగిన కాడలకు పుల్లలు కట్టేది. ఇంత చేసినా ఆ పూల వాసన ఆమెకు అందేది కాదు. ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు ఏ వాసనా తెలియకుండా పోయింది.

అందుకే పువ్వు విచ్చినప్పుడల్లా నన్ను పిలిచేది.

"వాసన ఎట్ల ఉంది, చెప్పు బిడ్డా."

"బాగుంది ఖాలా."

"బాగుంది అంటే ఏంది? బిర్యానీ గూడా బాగుంటది. సరిగ్గా చెప్పు."

నేను మాటలు వెతుక్కుంటూ చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేది.

ఒక చలికాలం నేను జలుబుతో పడుకున్నాను. ఖాలా తొలిపువ్వు పట్టుకుని మేడెక్కి వచ్చింది.

"నాకూ వాసన తెలియడం లేదు ఖాలా" అన్నాను.

ఆమె నా మంచం మీద కూర్చుని, పువ్వును తన ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అయితే ఈసారి నేను చెప్తా, ఇను. ముందు నారింజ తొక్క తీసినట్టు ఉంది. తర్వాత తేనె. ఆ తర్వాత, మా అమ్మ నాకు తలంటి, తడి జుట్టుకు సాంబ్రాణి పట్టినట్టు ఉంది."

నారింజ, తేనె నేను చెప్పినవే. సాంబ్రాణి మాత్రం ఆమెది. ఇప్పుడు ఎక్కడ ఫ్రీసియా పూసినా నాకు ముందు ఆ సాంబ్రాణే తగులుతుంది.