కిడ్స్ గ్రూప్‌లో ఆమె ఫోన్

2023 చలికాలం. వర్జీనియాలోని ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఇళ్ళలో వైఫై, స్మార్ట్ పరికరాలు బిగించే పని నేను మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్ళు. ఇక్కడ కొత్త ఇల్లు కొన్న మనవాళ్ళకి లైట్లు, తాళాలు, కెమెరాలు, ఆఖరికి గరాజ్ తలుపు కూడా ఫోన్‌లోంచే నడవాలి. ఒక్క రౌటర్ వల్ల అయ్యే పని కాదు. అందుకని మెష్ పెడతాం. ఇంట్లో మూడు నాలుగు చోట్ల చిన్న పెట్టెలు పెడితే, అవి ఒకదానికొకటి సిగ్నల్ అందించుకుంటూ ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేస్తాయి. పని తెలిసినవాణ్ణని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే శిరీష ఫోన్ చేసింది. రెండు నెలల కిందట వాళ్ళింట్లో నలభై మూడు పరికరాలు కలిపింది నేనే.

"అన్నయ్యా, థర్మోస్టాట్ పాడైనట్టుంది. గోడ మీద డెబ్బై రెండు పెడతాను, ఐదు నిమిషాల్లో మళ్ళీ అరవై నాలుగుకి వచ్చేస్తోంది. బాబుకి జలుబు తగ్గట్లేదు. వైఫై కూడా ఆగి ఆగి వస్తోంది."

థర్మోస్టాట్ అంటే ఇంట్లో వేడి ఎంతుండాలో పెట్టుకునే పరికరం. ఇక్కడి ఫారన్‌హీట్ లెక్కలో అరవై నాలుగంటే స్వెటర్ వేసుకున్నా చేతులు చల్లబడే చలి. వాళ్ళాయన కిరణ్ ఆఫీస్ పని మీద వేరే రాష్ట్రంలో ఉన్న చాండ్లర్ వెళ్ళి పది రోజులైందట. మధ్యాహ్నం వస్తానన్నాను.

నేను వెళ్ళేసరికి ఏడు నెలల బాబుని రెండు దుప్పట్లలో చుట్టి ఎత్తుకుని ఉంది. పెట్టెలన్నీ చూశాను, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. నా ట్యాబ్లెట్‌కి పూర్తి స్పీడ్, ఆమె ఫోన్‌కి సున్నా. రిపేర్ల కోసం నాకొక లాగిన్ ఉంటుంది. దానితో యాప్‌లో చూడొచ్చు, ఏదీ మార్చలేం. తెరిచాను. పిల్లలు హోంవర్క్ మానేసి వీడియోలు చూడకుండా వాళ్ళ పరికరాలకి నెట్ ఆపే సదుపాయం అందులో ఉంది. 'కిడ్స్' అనే ఆ గ్రూప్‌లో ఒక్కటంటే ఒక్కటే పరికరం. శిరీష ఫోన్. థర్మోస్టాట్ హిస్టరీ చూస్తే, ఆమె పెంచిన ప్రతిసారీ కిరణ్ ఫోన్ దాన్ని దించింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏదీ పాడవలేదమ్మా. దించుతున్నది మీ ఆయన. నీ ఫోన్‌కి నెట్ ఆపుతున్నదీ ఆయనే" అన్నాను.

ఆమె ఏడవలేదు. "వాట్సాప్‌లో అమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో కట్ అయిపోయేది. నా ఫోన్ పాతదైపోయిందనుకున్నా" అంది.

అంతలో హాల్లో నేను బిగించిన కెమెరాలోంచి కిరణ్ గొంతు వచ్చింది. "శిరీషా, ఎవరొచ్చారు? ఓ, మీరా బ్రో? నేను కాల్ చేయలేదే. తనకి ఇవన్నీ తెలీదు, ఏదోటి నొక్కేస్తుంది. అందుకే కంట్రోల్స్ నా దగ్గర పెట్టుకున్నా. మీరేం టచ్ చేయకండి."

"పసివాడు వణుకుతున్నాడండీ."

"సిక్స్టీ ఫోర్ ఈజ్ ఫైన్ బ్రో. అలవాటైపోతుంది."

అతని మీద ఎంత కోపం వచ్చిందో నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. పని అప్పగించిన రోజు గంటసేపు యాప్ నేర్పింది అతనొక్కడికే. ఓనర్ అకౌంట్, అంటే నెట్‌వర్క్ మొత్తం మీద అధికారం, అతని ఈమెయిల్‌తోనే తెరిచాను. ఆ గంటా ఆమె వంటింట్లో నాకు టీ పెట్టింది. తాగి, బాగుందమ్మా అన్నానే గానీ, నీ ఫోన్ కూడా ఇవ్వమని అడగాలని తట్టలేదు. ఆరేళ్ళుగా ప్రతి ఇంట్లో నేను చేసిన నిర్వాకం ఇదే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కెమెరాకి వినపడకుండా ఆమెని గరాజ్‌లోకి పిలిచి, "కొడతాడా?" అని అడిగాను.

"లేదన్నయ్యా. తను చెప్పిందే జరగాలంటాడు, అంతే." బాబు దుప్పటి సర్దుతూ అంది, "ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. కాగితాల మీద నేనూ సంతకం పెట్టాను. ఇప్పుడేం చేయొచ్చు?"

"మెయిన్ పెట్టె వెనక రీసెట్ ఉంటుంది. పది సెకన్లు నొక్కితే అన్నీ పోతాయి. నలభై మూడూ మళ్ళీ ఒక్కొక్కటే కలపాలి. ఎవరి ఫోన్‌తో కలిపితే వాళ్ళే ఓనర్. కానీ నొక్కాల్సింది నేను కాదు, నువ్వు. ఆయన ఊరుకోడు, ఆలోచించుకో."

బాబుని నా చేతికిచ్చి లోపలికి నడిచింది. హెయిర్‌పిన్‌తో రీసెట్ నొక్కి పట్టుకుంది. "శిరీషా, ఏంటది, చెప్తున్నానుగా, వదిలెయ్..." అంటుండగానే కెమెరా ఆగిపోయింది.

సాయంత్రం దాకా నేను చెప్తుంటే ఆమే కలిపింది. హాల్లో కెమెరా మాత్రం వద్దంది. చివర్న, కిరణ్ ఫోన్‌కి ఇక అందకుండా థర్మోస్టాట్‌ని కూడా రీసెట్ చేయించాను. డెబ్బై రెండు పెట్టి దాని ముందే నిలబడ్డాం. పది నిమిషాలైనా అంకె కదల్లేదు. బాబు మీద నుంచి ఒక దుప్పటి తీసేసింది.

నేను కాపురాలు కూలుస్తున్నానని కిరణ్ మా ఊరి తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో రాశాడు. మూడు బుకింగ్‌లు కేన్సిల్ అయ్యాయి. రాసుకోనీ. ఇప్పుడు పెట్టె విప్పకముందే భార్యాభర్తలిద్దరి ఫోన్లూ అడుగుతాను, ఇద్దర్నీ ఓనర్లని చేస్తాను, ఇద్దరికీ నేర్పుతాను. మొన్న ఒకాయన నవ్వుతూ "మా ఆవిడకి ఇవన్నీ ఎందుకండీ" అన్నాడు. "అయితే నాకూ ఈ పని ఎందుకండీ" అని నిచ్చెన మళ్ళీ వ్యాన్‌లో పడేసుకుని వచ్చేశాను.